నారింజ కోటు వెంట

లెర్ఖావ్ లోయలో స్కీ సీజను మొదలయ్యే రోజు పెద్ద పండగ కిందే లెక్క. డిసెంబరు మొదటి శనివారం తెల్లారేసరికి రోప్‌వే కింది స్టేషను ముందు బ్యాండు మేళం వాళ్ళు చేరతారు. చలికి బాకాల మీటలు బిగుసుకుపోతాయని వాటిని కోట్ల లోపల దాచుకుని, వాయించే వేళకే బయటికి తీస్తారు. ఫాదరుగారు వచ్చి తీగలకూ చక్రాలకూ కొండకూ పవిత్రజలం చల్లుతారు. ఇనుము మీద పడ్డ చుక్కలు పడ్డచోటే గడ్డకడతాయి. ఆ తర్వాత ఊరివాళ్ళంతా తలో చిన్న గ్లాసు పళ్ళసారా పుచ్చుకుని, మొదటి కేబిన్ ఎవరిదని తగువు పెట్టుకుంటారు. ముసలి క్విరీన్ ఆ తగువు కోసమే చీకటితో వచ్చి తలుపు ముందు మడత కుర్చీ వేసుకుంటాడు.

హెర్మిన ఈ సంబరం ఒక్కసారి కూడా చూడలేదు. బాకాలు మోగే వేళకి ఆమె కొండ మీద, పై స్టేషను పక్కనున్న చెక్క హోటల్లో బార్లీ సూపు కలుపుతూ ఉండేది. వంటవాళ్ళను ముందే పైకి పంపేస్తారు. వంటవాళ్ళ కేబిన్ లెక్కలోకి రాదని క్విరీన్ ఏటా వాదిస్తాడు, ఏటా అందరూ ఒప్పుకుంటారు.

హెర్మిన ఈ కొండల మనిషి కాదు. దేశానికి తూర్పు కొసన, రెల్లు దుబ్బుల మధ్య పెద్ద సరస్సు ఉంది. ఆ ఒడ్డున పుట్టింది. తండ్రి చలికాలంలో సరస్సు గడ్డకట్టాక రెల్లు కోసి, ఇళ్ళ కప్పులకు అమ్మేవాడు. అక్కడ ఎత్తైన చోటంటే చర్చి గంటగోపురమే. ఒక్క చలికాలం అంట్లు తోమి, నాలుగు డబ్బులు వెనకేసుకుని వెళ్ళిపోదామని ఇరవై రెండేళ్ళప్పుడు ఈ హోటలుకు వచ్చింది. రోప్‌వే మెకానిక్ లియోన్‌హార్డ్ రోజూ మధ్యాహ్నం వంటగది తలుపు దగ్గరికి వచ్చి, గ్రీజు చేతులు చూపించి, లోపలికి రాలేనని చెప్పి, గిన్నె బయటికే ఇమ్మనేవాడు. ఫిబ్రవరికల్లా ఆమె అతని సూపు గిన్నెలో ఒక పిండి ఉండ ఎక్కువ వేయడం మొదలుపెట్టింది. ఏప్రిల్లో మంచు కరిగింది, ఆమె మాత్రం వెళ్ళలేదు.

పెళ్ళైన మొదటి చలికాలంలోనే ఆడపడుచు బుర్గి ఆమెకు స్కీ నేర్పుతానంది. బుర్గి అసలు పేరు నోట్‌బుర్గా. లియోన్‌హార్డ్‌కు అక్క. కుర్రతనంలో పందేలు గెలిచిన మనిషి. తర్వాత స్కీ బడిలో పంతులమ్మై, ఆ లోయలో సగంమంది పిల్లలను కొండ మీద నిలబెట్టింది. ఆమె ఎర్ర కోటు దూరం నుంచి కనబడితే చాలు, పిల్లలు నడుం వంచి మోకాళ్ళు సర్దుకునేవారు. అలాంటి మనిషి దగ్గర హెర్మిన ఒకే ఒక్క పాఠం నేర్చుకుంది. పిల్లల దిబ్బ మీద పడింది, లేచింది, మళ్ళీ పడింది. మూడోసారి పడి లేవలేక కొట్టుకుంటూంటే, పిల్లల గుంపు ముందు బుర్గి నవ్వి, "దీన్ని దించడం కంటే బంగాళాదుంపల బస్తాని దించడం తేలికర్రా, అది కనీసం పడ్డచోట ఊరుకుంటుంది" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ పిల్లల్లో కొందరు తర్వాత ఈ ఊళ్ళోనే పెద్దవాళ్ళై, ఈ హోటల్లోనే సూపు తాగుతూ ఆ మాట గుర్తుచేశారు కూడా. హెర్మిన ఆ రోజే స్కీలు విప్పి మంచులో గుచ్చి నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ తొడగలేదు.

దాదాపు ముప్పై చలికాలాలు అలాగే గడిచాయి. పొద్దున కేబిన్‌లో పైకి, సాయంత్రం కేబిన్‌లో కిందికి. గాలి ఎక్కువై రోప్‌వే ఆగిన రోజున, మంచు చదును చేసే యంత్రంలో డ్రైవరు పక్కన, ఖాళీ పాల క్యానులతో పాటు దిగేది. వదిన మీద కోపం అని పైకి ఎన్నడూ అనలేదు. పండగలకు కలుసుకునేవారు, కేకులు ఇచ్చిపుచ్చుకునేవారు. హెర్మిన కూతురికి స్కీ నేర్పింది కూడా బుర్గియే. కానీ ఇద్దరూ ఒక గదిలో ఉంటే మూడోమనిషి ఎవరైనా వచ్చేదాకా వాతావరణం గురించే మాట్లాడుకునేవారు.

ఒక్క విషయం మాత్రం హెర్మినను ఎప్పుడూ గుచ్చుతూ ఉండేది. సాయంత్రం చక్రాలు ఆగాక లియోన్‌హార్డ్ చివరి మనిషిగా స్కీ మీద దిగేవాడు. ఖాళీ కొండ, వాలుపొద్దు, అతనొక్కడే. ఇంటికి చేరాక బుగ్గలు ఎర్రగా, పదేళ్ళు చిన్నవాడిలా కనిపించేవాడు. ఆ కాసేపట్లో అక్కడ ఏముంటుందో ఆమెకు తెలియదు. అతను చెప్పేవాడు కాదు, చెప్పడం అతనికి చేతకాదు. వచ్చే ఏడు అతను రిటైరవుతాడు. అది తెలిసినప్పటి నుంచి ఆమెకు లోపల ఏదో తొందర పట్టుకుంది.

పోయిన మార్చిలో పంటి డాక్టరు దగ్గరికని చెప్పి, తన సెలవురోజైన మంగళవారం బస్సెక్కి పక్కలోయకు వెళ్ళింది. అక్కడ ఎవరూ తనను ఎరగరు. స్కీ బడిలో ఒక డచ్చి పంతులమ్మ దొరికింది. పడితే నవ్వదు, లేస్తే పొగడదు. సీజను అయ్యేదాకా మంగళవారం మంగళవారం హెర్మిన పళ్ళు పాడవుతూనే ఉన్నాయి. లియోన్‌హార్డ్ ఒకరోజు కంగారుపడి, నోరు తెరవమని టార్చి వేసి మరీ చూశాడు. ఏప్రిల్ చివరికి ఆమె స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు ఎడంగా పెట్టి, నెమ్మదిగా, నిబ్బరంగా, ఓ మోస్తరు వాలు దిగగలిగింది. పాత స్కీలు ఒక జత కొని, శరదృతువులో సామాను పైకి చేర్చే రోజున ఉల్లిపాయల బస్తాల వెనక దాచింది. సీజను మొదటిరోజు సాయంత్రం మొగుడితో కలిసి దిగాలని ఆమె పథకం.

ఆ శనివారం పొద్దున కేబిన్‌లో లియోన్‌హార్డ్ అలవాటు ప్రకారం ఒక్కో స్తంభం దాటుతుంటే కళ్ళు మూసుకుని చక్రాల చప్పుడు వింటున్నాడు. వంటావిడ యోవాంకా ఆవలిస్తూ కిటికీకి ఆనుకుంది. ఆవిడ సెర్బియా నుంచి పదేళ్ళుగా ప్రతి చలికాలం వస్తుంది. కొండ కింది భాగమంతా ఇంకా గోధుమరంగు గడ్డే. దాని మధ్య కృత్రిమ మంచు చిమ్మే గొట్టాలతో పోసిన తెల్లటి దారి ఒక్కటే, ఆరేసిన పంచెలా పొడుగ్గా పరుచుకుని ఉంది.

"సాయంత్రం దిగే ముందు హోటల్ దగ్గర ఆగు. పనుంది," అంది హెర్మిన.

"మళ్ళీ పన్నా?" అన్నాడు అతను కళ్ళు తెరవకుండానే.

యోవాంకాకు సంగతి తెలుసు. కిటికీవైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

పదిన్నరకల్లా హోటలు నిండిపోయింది. బూట్ల చప్పుడుకి చెక్క నేల మోగుతోంది. స్కీ బడి పంతుళ్ళంతా ఎర్రకోట్లతో బారులుగా దిగి చూపించడం మొదటిరోజు ఆనవాయితీ. బారుకు ముందు ఎప్పుడూ బుర్గి ఉండేది. ఈసారి మోకాలు నొప్పి అని బారులో చేరలేదు. ఎర్రకోటు మాత్రం వేసుకుని, కేబిన్‌లో పైకొచ్చి, గిరాకీ హాల్లో కూర్చోకుండా వంటగదిలోకి వచ్చింది. బూట్లు విప్పకుండానే పొయ్యి పక్క బెంచీ మీద కూర్చుంది.

మోకాలికేమీ కాలేదని హెర్మినకు వెంటనే అర్థమైంది. వంటగదికి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి. ఆ బరువు బూట్లతో బుర్గి తడబడకుండా దిగింది. తడబడింది ఆ తర్వాత. టోపీ తగిలించబోయి కొక్కేన్ని రెండుసార్లు తప్పింది. మూడోసారి ముందు చేత్తో గోడ తడిమి, అప్పుడు తగిలించింది. కాఫీ పోసుకునేటప్పుడు కప్పు అంచున వేలు పెట్టుకుంది. క్విరీన్ వంటగదిలోకి తొంగిచూసి నిలబడితే, అతను నోరు విప్పేదాకా బుర్గి ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు మర్యాదగా తల ఊపింది. గొంతు వినగానే, "ఏరా ముసలోడా, ఇంకా బతికే ఉన్నావా?" అని ఎప్పటిలా ఎత్తుకుంది.

హెర్మిన ఇదంతా చూసింది. ఉండలు చేస్తూ, గాలి పెరుగుతోందంది. అవును, పడమటి గాలి అంది బుర్గి.

మధ్యాహ్నం దాటేసరికి ఆ పడమటి గాలే పని పట్టింది. ముందు మబ్బు వచ్చి కొండను కప్పేసింది. తర్వాత ఖాళీ కేబిన్లు తీగ మీద ఊగడం మొదలుపెట్టాయి. రోప్‌వే ఆపేస్తున్నామనీ, అందరూ పెద్దదారి వెంట జాగ్రత్తగా స్కీ మీద దిగిపోవాలనీ మైకులో చెప్పారు. స్కీ రానివాళ్ళకోసం యంత్రాలు వస్తాయన్నారు. లియోన్‌హార్డ్ వైర్‌లెస్‌లో హెర్మినను పిలిచి, తీగ సంగతి చూడాలి, చీకటి పడేదాకా పై స్టేషను వదల్లేను, నువ్వు కోర్బీనియన్ నడిపే మంచు చదునుచేసే బండిలో దిగిపో అని చెప్పాడు. అంత పథకం వేసుకుంటే చివరికి పాల క్యాన్ల పక్కనే చోటు దొరికింది. ఆమె వైర్‌లెస్ బల్ల మీద పెట్టి, పొయ్యి ఆర్పి, ఏమీ జరగనట్టు గిన్నెలు బోర్లించసాగింది.

జనమంతా వెళ్ళిపోయాక కోర్బీనియన్ తన మంచుబండి తెచ్చి వాకిట్లో నిలిపాడు. చుట్టూ తెలుపే. నేల ఎక్కడ ఆగిందో మబ్బు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. బండిలో ఇద్దరికి చోటుందనీ, సర్దుకుంటే ముగ్గురు పడతారనీ అన్నాడు.

బుర్గి అప్పటికే బయట ఉంది. "నన్ను ఈ కొండ మీంచి బండిలో దింపాలంటే పీనుగునై ఉండాలి," అంది. వెళ్ళి, పొద్దున గోడకు ఆనించిన తన స్కీలు కింద పడేసి, కాలు పెట్టబోయింది. బూటు స్కీ మీద కాక మంచులో దిగింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పక్కనే దిగింది. కోర్బీనియన్ బండి వెనక తాడు కడుతూ చూడలేదు. హెర్మిన తలుపులో నిలబడి చూసింది. బుర్గి వంగి, చేత్తో స్కీని తడిమి పట్టుకుని, దానిలోకి బూటును చేర్చింది.

హెర్మిన దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, "ఎన్నాళ్ళైంది వదినా?" అంది.

"ఏంటి ఎన్నాళ్ళు?"

"కళ్ళు."

గాలి ఇద్దరి మధ్యనుంచి మంచు ఎగరేసుకుపోయింది. "వేసవి నుంచి," అంది బుర్గి చివరికి. "నడిమధ్య మసక. చూద్దామనుకున్నదే కనపడదు, దాని చుట్టూ ఉన్నదంతా కనపడుతుంది. నీ మొహం లేదు ఇప్పుడు. చెవులున్నాయి. ఎవరికైనా చెప్పావంటే ఊరుకోను."

డాక్టరు ఏమన్నాడని హెర్మిన అడిగింది. తగ్గదన్నాడు, పూర్తిగా చీకటి కూడా అవదన్నాడు. మరి ఈ తెలుపులో ఎలా దిగుతావంటే, పుట్టినప్పటినుంచి దిగుతున్న దారి, కాళ్ళకు తెలుసులే అంది బుర్గి. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూపు దారివైపు లేదు. దారి ఎటుందో ఆమెకు తెలియడం లేదని హెర్మినకు అర్థమైంది.

హెర్మిన లోపలికి వెళ్ళింది. ఉల్లిపాయల బస్తాలు పక్కకు లాగి స్కీలు తీసింది. బూట్లు బిగించుకుంది. మెకానిక్కుల కోసం వంటగదిలో వేలాడే నారింజరంగు పనికోటు తన కోటు మీదనుంచే తొడుక్కుంది. అది లియోన్‌హార్డ్‌ది, మోకాళ్ళదాకా వచ్చింది. యోవాంకా చెయ్యి పట్టుకుని, ఇవాళ వద్దు, పిచ్చిపని అంది. కోర్బీనియన్ తన కళ్ళను తాను నమ్మలేనట్టు ఆమె కాళ్ళవైపు చూసి, లియోకి ఏం చెప్పమంటావని అడిగాడు. పెద్దదారి అంచు స్తంభాలు పట్టుకుని వెళతామనీ, నడిమి స్టేషను దగ్గర తమకోసం చూడమనీ, అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పొద్దనీ అంది. కోర్బీనియన్ ఒప్పుకోలేదు గాని, ఎదిరించనూ లేదు. ఈ ఇద్దరు ఆడవాళ్ళతో వాదించి గెలిచినవాణ్ణి అతను ఎప్పుడూ చూసి ఉండడు.

"నా వెనక రా," అంది హెర్మిన. "ఈ కోటు కనపడుతోందా?"

"నారింజ మచ్చ కనపడుతోంది," అంది బుర్గి. "నీకు స్కీ రాదుగా?"

"వచ్చు. నెమ్మదిగా వచ్చు."

"ఎవరు నేర్పారు?"

"పక్కలోయలో. ఓ డచ్చి ఆవిడ."

"డచ్చి ఆవిడ," అంది బుర్గి, దేవుడికి ఫిర్యాదు చేస్తున్నట్టు. "ఆ దేశంలో ఎడ్లబండి కూడా దానంతటది దొర్లదు, అంత చదును. వాళ్ళ దగ్గరా నేర్చుకున్నావు?"

"మా ఊరూ అలాంటిదేగా," అంది హెర్మిన.

అలా బయల్దేరారు. ముందు హెర్మిన, స్కీలు నాగలిలా పెట్టి, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి. వెనక బుర్గి, నాలుగైదు బారల దూరంలో. కొంతదూరం పోయాక మాట్లాడుతూ ఉండమని వెనకనుంచి కేక వచ్చింది, మచ్చ మబ్బులో కలిసిపోతోంది, గొంతు వినబడితే చాలంది. ఏం మాట్లాడాలో హెర్మినకు తోచలేదు. ఇన్నేళ్ళలో ఈమెతో ఇంతసేపు మాట్లాడింది లేదు. అందుకని కళ్ళముందు ఉన్నదే చెప్పుకుంటూ పోయింది. ఎడమకి తిరుగుతున్నాను. ఇక్కడ మెత్తగా ఉంది. ఇప్పుడు గట్టి. స్తంభం. ఇంకో స్తంభం. కుడిపక్క గుంట, దూరంగా ఉండు. వెనకనుంచి బుర్గి వేరే పాట అందుకుంది. ఆమె చెవి హెర్మిన స్కీల గీరుడు చప్పుడు మీదే ఉంది. వెనక్కి కూర్చుంటున్నావు, ముందుకి వంగు. ఎడమకాలికి భయం, దాని మీద బరువు వెయ్యి. అంత గట్టిగా గీరక్కర్లేదు, మంచు నీకేం అప్పు లేదు. బుర్గి స్కీల చప్పుడు మాత్రం అసలు వినిపించేది కాదు. ఒకటి రెండుసార్లు ఉందో లేదోనని హెర్మిన వెనక్కి తిరిగి చూసింది.

నడిమి స్టేషనుకు కొంచెం పైన దారి ఒక్కసారిగా వాలుతుంది. గాలి అక్కడి మంచును ఊడ్చేసి, కింది నున్నటి మంచుగడ్డను బయటపెట్టింది. హెర్మినకు అది కనబడేసరికే ఆలస్యమైంది. కాళ్ళు ముందుకు జారి, నడుం మీద పడి, పక్కకు దొర్లి, అంచు స్తంభానికి తగిలి ఆగింది. "ఆగు, ఇక్కడ గాజు" అని అరిచింది పడుతూనే.

బుర్గి ఆగిపోయింది. అడ్డంగా ఒక్క గీత గీసినట్టు. తర్వాత స్కీల అంచులు దించుకుంటూ, గొంతు వినబడిన వైపుకు మెల్లగా వచ్చి, కర్రతో తడిమి, పక్కనే చతికిలబడింది.

"ఏమైనా విరిగిందా?"

లేదంది హెర్మిన. నిజానికి పిరుదు మండుతోంది. లేవబుద్ధి కాలేదు. ఇద్దరూ తెల్లటి శూన్యంలో, ఒకరి ఊపిరి ఒకరికి ఆవిరిలా కనబడుతూ కూర్చున్నారు. అప్పుడు, ఎందుకు నోట్లోంచి వచ్చిందో తెలియకుండానే, ఆ పాత మాట అడిగేసింది. పిల్లల ముందు, దిబ్బ మీద, బంగాళాదుంపల బస్తా.

బుర్గి ఆమెవైపు తిరిగింది. కొంచెం పక్కకు చూస్తూ, అలాగైతేనే ఆమె మొహం కనబడుతుంది కాబట్టి. "నేనా? అలా అన్నానా?"

"అన్నావు."

"నాకు గుర్తులేదే."

అది బుకాయింపు కాదని హెర్మినకు తెలిసింది. ఆ మొహంలో వెతుకులాట నిజంగానే ఉంది. మరింత సేపు వెతికి, బుర్గి భుజాలు ఎగరేసింది. "అనే ఉంటాను. అందర్నీ అలాంటివే అనేదాన్ని. నాకూ మా నాన్న అలాగే నేర్పాడు. అందుకనా స్కీ మానేశావు? నీకు కొండంటే ఇష్టం లేదనుకున్నాను. పల్లపుదానికి మా కొండ నచ్చలేదని లియోతో ఎన్నిసార్లు అన్నానో."

హెర్మినకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ తను తాడు ఒక కొస పట్టుకుని లాగుతూనే ఉంది, అవతలి కొసన ఎవరూ లేరు. కోపం రావాలి. రాలేదు. చలి మాత్రం వేసింది. కోటు జేబులో చెయ్యి పెడితే లియోన్‌హార్డ్ దాచుకున్న బెల్లపు బిళ్ళ లాంటి పంచదార మిఠాయి ఒకటి, గ్రీజు వాసనతో దొరికింది. విరిచి సగం బుర్గి చేతిలో పెట్టింది.

"పిల్లల మొహాలు కనపడవు," అంది బుర్గి మిఠాయి చప్పరిస్తూ. "ఏడుస్తున్నారో నవ్వుతున్నారో గొంతును బట్టే. సోమవారం నాకు ఎనిమిదిమందిని ఇస్తారు. అందులో ఒకడు తప్పిపోతే?"

హెర్మిన ఊరడించలేదు. "మరి చెప్పేయాలిగా," అంది.

"చెప్పాలి," అంది బుర్గి.

లేచారు. ఆ వాలు అడ్డంగా, అడుగులో అడుగేసుకుంటూ దాటారు. హెర్మిన చెయ్యి బుర్గి కర్రను పట్టుకుని ఉంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చూసేవాళ్ళెవరూ లేరు. నడిమి స్టేషను చేరేసరికి మబ్బు పైనే ఆగిపోయింది. కింద లోయ తేటగా ఉంది. చర్చి, వంపు తిరిగిన ఏరు, గడ్డి మైదానాల మధ్య ఆ తెల్లటి దారి. కోర్బీనియన్ బండి అక్కడ దీపాలు వేసుకుని కాచుకుని ఉంది. వీళ్ళను చూసి ఊపిరి పీల్చుకుని, ఎక్కండి అని సైగ చేశాడు.

బుర్గి ఆ బండివైపు చూడనైనా లేదు. కాళ్ళ కింద మంచును ఓసారి అటూ ఇటూ నొక్కి చూసింది. ఇక్కడ దారి వెడల్పు, రెండువైపులా గోధుమరంగు గడ్డి అంచు కట్టి ఉంది, దాన్ని తను చూడగలదు. జనం లేరుగా అని హెర్మినను అడిగింది. లేరు, కిందిదాకా ఖాళీ అంది హెర్మిన. "అయితే నువ్వు మెల్లిగా రా," అని బుర్గి వదిలేసింది.

హెర్మిన అక్కడే నిలబడి చూసింది. ఆ ఎర్రకోటు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు, తొందర లేకుండా, ఎక్కడా తెగకుండా వంపులు తిరుగుతూ పోయింది. అరవై దాటిన మనిషి అంటే ఎవరూ నమ్మరు. ఇన్నేళ్ళూ ఈ మనిషి దిగడాన్ని ఆమె హోటలు కిటికీలోంచి, గిన్నెలు తోముతూ, చూడకూడదనుకుంటూ చూసేది. ఇప్పుడు తీరిగ్గా చూసింది. అందంగా ఉంది. ఆ మాట లోపల అనుకోవడానికి కూడా ఆమెకు ఇంతకాలం మనసొప్పలేదు.

తర్వాత తను దిగింది. ఎంతసేపు పట్టిందో గాని, దారంతా ఆమె ఒక్కతే. గాలి వెనక్కి పోయింది, స్కీల కింద మంచు సన్నగా పాడుతోంది, పొద్దు కొండ అంచున పసుపుపచ్చగా ఉంది. మొగుడు రోజూ ఏం తెచ్చుకుంటాడో కొంచెం అర్థమైంది. అతను దాన్ని ఎందుకు చెప్పలేకపోయేవాడో కూడా అర్థమైంది.

కింది స్టేషను బెంచీ మీద ఇద్దరూ పళ్ళసారా కలిపిన వేడి టీ తాగుతూ, హెర్మిన తన పథకమంతా చెబుతూ ఉండగా లియోన్‌హార్డ్ దిగి వచ్చాడు. ఒంటినిండా మంచు, కనుబొమలు తెల్లగా. ముందు అక్కను చూశాడు. తర్వాత పెళ్ళాం ఒంటి మీద తన కోటును చూశాడు. చివరికి ఆమె కాళ్ళకున్న బూట్లనూ, గోడకు ఆనించిన స్కీలనూ చూశాడు.

"పంటి డాక్టరు," అన్నాడు.

"అవును," అంది హెర్మిన.

"నీతో దిగుదామని నేర్చుకుంది. నేను ముందు ఎత్తుకుపోయాను," అంది బుర్గి. "వెనక్కి కూర్చుంటోంది, చెప్పు దానికి."

అతను స్కీలు విప్పకుండానే వచ్చి హెర్మిన పక్కన కూర్చున్నాడు. గ్లాసు తీసుకుని మిగిలింది తాగేశాడు. రాత్రి అన్నం దగ్గర, మధ్యలో ఫోర్కు ఆపి, ఆ గాజువాలు దగ్గర కూడా స్కీ మీదేనా అని అడిగాడు. ఆమె తల ఊపింది.

సోమవారం బుర్గి స్కీ బడికి వెళ్ళి సంగతి చెప్పేసింది. హెర్మిన తోడు వస్తానంటే వద్దంది. బడి పెద్ద ఆమె శిష్యుడే. ఏడ్చినంత పనిచేసి, ఆఫీసులో కూర్చుని అజమాయిషీ చూసుకోమన్నాడట. ఆఫీసులో ముసలివాళ్ళు కూర్చుంటారని చెప్పి, ఎర్రకోటు కౌంటరు మీద మడతపెట్టి వచ్చేసింది. నెలరోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. క్విరీన్ వెళ్ళి తలుపు తడితే, తను చచ్చిపోయానని చెప్పమని లోపలినుంచి అరిచింది. క్రిస్మసుకు హెర్మిన కేకు తీసుకెళ్తే పుచ్చుకుంది గాని, కూర్చోమనలేదు. మాటలు మళ్ళీ వాతావరణం మీదికి వెళ్ళాయి. ఆ మబ్బులో జరిగిందంతా అక్కడే ఉండిపోయిందేమో అనుకుంది హెర్మిన.

జనవరిలో ఎండ పడింది. లియోన్‌హార్డ్, హెర్మిన ఒక సాయంత్రం కలిసి దిగారు. ఆమె నెమ్మదికి అతను ప్రతి మలుపులోనూ ఆగి కాళ్ళు తాటించుకుంటూ నిలబడాల్సి వచ్చింది. ఇంటికొచ్చేసరికి అతనికి జలుబు పట్టుకుంది. అయినా మర్నాడు మళ్ళీ ఆగాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున మొదటి కేబిన్ దగ్గర బుర్గి కనబడింది. మామూలు నీలం కోటు, భుజాన స్కీలు. ఆ నారింజ కోటు పైన ఉందా ఇంట్లో ఉందా అని అడిగింది. ఆ రోజు నుంచి గిరాకీ రాకముందు, దారి అప్పుడే చదునుచేసి ఉన్నప్పుడు, ఇద్దరూ పైనుంచి నడిమి స్టేషను దాకా ఒకసారి దిగి, కేబిన్‌లో మళ్ళీ పైకి వచ్చేవారు. ముందు హెర్మిన స్తంభాలు చెప్పుకుంటూ, వెనక బుర్గి తప్పులు చెప్పుకుంటూ. కింద పొలాల్లో పేడ ఎత్తేవాళ్ళకు కూడా ఆ రెండు గొంతులు వినబడేవి. మొదట్లో ఊరు ఆగి చూసింది. తర్వాత అలవాటుపడి మానేసింది.

ఆ తర్వాత బుర్గి వంటగదిలోనే ఉండిపోయేది, మధ్యాహ్నం దాకా. పని చేస్తానని పట్టుబడితే యోవాంకా బంగాళాదుంపలు ఇచ్చింది. సగం తొక్క వాటికే ఉండిపోతోందని యోవాంకా గొణుగుతూ మళ్ళీ తనే చెక్కుకునేది. ఒకరోజు ఆ గొణుగుడు మధ్యలో ఆవిడ కత్తి బల్ల మీద పెట్టి, తనకూ నేర్పుతావా అని అడిగింది. పదేళ్ళుగా వస్తున్నాను, ఈ కొండ మీద ఒక్కసారి కూడా జారలేదు, మా ఊళ్ళో చెబితే సిగ్గుచేటు అంది.

బుర్గి తల ఎత్తి, ఆవిడ మొహానికి కాస్త పక్కగా చూసింది. "నాకు నువ్వు పడటం కనపడదు," అంది.

"మంచిదేగా," అంది యోవాంకా.

మర్నాడు హోటలు వెనక చదునైన చోట పాఠం మొదలైంది. హెర్మిన ఉల్లిపాయలు తరుగుతూ కిటికీలోంచి చూసింది. యోవాంకా రెండడుగులు జారి కూలబడింది. బుర్గి తల ఒకవైపు వంచి, ఆ చప్పుడు ఎటువైపు పడిందో విని, అటు జరిగి, కర్ర అందించింది. ఏమందో కిటికీ మూసి ఉండటం వల్ల వినబడలేదు. యోవాంకా మంచులో కూర్చునే తల వెనక్కి వాల్చి నవ్వుతోంది.